సోమవారం పాచి

ఆ రోజుల్లో మానుకోటలో (ఇప్పుడు మహబూబాబాద్ అని రాస్తారు గాని, మా నోటికి ఇప్పటికీ మానుకోటే) సముద్రం చూసినవాళ్ళు చాలా తక్కువ. మా ఊరి రైలు పట్టాలు ఒక కొసన సముద్రం దాకా పోతాయని అందరికీ తెలుసు. ఆ కొస దాకా పోవలసిన పని మాత్రం ఎవరికీ పడేది కాదు. అటువంటి ఊరికి ఒక ఏడాది సముద్రమే వచ్చింది. ఒక అద్దాల తొట్టిలో వచ్చి, జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబులో కిటికీ పక్కన కూర్చుంది. దాని బాగోగులు చూడడం నా మొదటి ఉద్యోగం. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుకుని, పెద్దవంగర దగ్గరి మా పల్లె నుంచి వచ్చి, ఆ కాలేజీలో టెంపరరీ ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. నేను సముద్రాన్ని చూడలేదు. అయినా దానికి కాపలా ఉన్నాను. జీవితంలో నాకు తెలియని విషయానికి బాధ్యుణ్ణి కావడం అప్పుడు మొదలైంది, ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు.

తొట్టి తెచ్చిన మనిషి జువాలజీ లెక్చరరు. కోస్తా ఆయన. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నేను చిన్నవాణ్ణి, బడులు మూతపడితే ఆ ఏడాదంతా ఎడ్ల వెంట తిరిగాను. అది జరిగి పదేళ్ళు దాటినా, అటువైపు నుంచి ఎవరన్నా ఉద్యోగానికి వస్తే మా ఊళ్ళో ముందు వాళ్ళ మాట వినేవారు, తర్వాతే మొహం చూసేవారు. ఈ సారు నోరు విప్పగానే కిరాయి ఇళ్ళన్నీ నిండిపోయాయట. చివరికి కాలేజీ కుండలు నింపే నీళ్ళవ్వ తన ఇంటి పక్క గది ఇప్పించింది. "మాట ఏడిదైతేంది బిడ్డా, దూప అందరికి ఒక్కటే," అని మొదటి చెంబు నీళ్ళు కూడా ఆమే ఇచ్చిందట. పిల్లలు ఆయనకు సముద్రం సారని పేరు పెట్టారు. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆయన ప్లాస్టిక్ క్యాన్లలో సముద్రపు నీళ్ళు నింపి రైల్లో తెచ్చేవారు. అవి ఏమిటని అడిగిన ప్రతి టికెట్ కలెక్టరుకూ పాఠం చెప్పేవారు కాబట్టి, కొన్నాళ్ళకు వాళ్ళు అడగడం మానేశారు.

తొట్టిలో రెండు చారల చేపలు, కొన్ని రాళ్ళు, వాటి మధ్యన పిడికెడంత పగడపు రాయి ఉండేవి. రామేశ్వరం వైపు పనిచేసే స్నేహితుడెవరో పంపాడట. "అది రాయి కాదయ్యా, ప్రాణి. వేల ప్రాణులు కలిసి కట్టుకున్న ఊరు," అని సారు చెప్పినప్పుడు నేను తల ఊపాను గాని నమ్మలేదు. ఒక ఉదయం కిటికీలోంచి ఎండ పడుతుంటే ఆ రాయి ఒంటినిండా గోధుమరంగు చిన్న చిన్న చేతులు బయటపెట్టి నీళ్ళలో ఆడించింది. నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ రోజు నుంచి అది నాది కూడా అయింది. కరెంటు పోతే గాలి బుడగలు ఆగిపోయేవి. అందుకని ఒక లారీ ట్యూబు నిండా గాలి కొట్టి, దానికి సన్నగొట్టం తగిలించి, కరెంటు వచ్చేదాకా దాని పక్కన కాపలా ఉండేవాణ్ణి (పంక్చరు షాపు అన్న నన్ను చూడగానే "చేపలకేనా" అని అడిగి గాలి ఊరికే కొట్టేవాడు, అతనికి ఇప్పటికీ నా దండం).

అంతా బాగుందనుకునేలోగా తొట్టికి పాచి పట్టింది. మొదట అద్దం మీద పచ్చగా మసక, తర్వాత రాళ్ళ మీద గడ్డం మాదిరి వెంట్రుకల పాచి. అది పగడపు రాయి మీదికి ఎక్కుతుంటే ఆ చిన్న చేతులు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి. సారు నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు. "మీరు వరికి సూపర్ ఫాస్ఫేటు వేస్తారు కదా, ఎందుకు? ఏపుగా పెరగాలని. ఇక్కడ నీళ్ళలో ఎక్కడి నుంచో ఫాస్ఫేటు చేరుతోంది. పాచికి అదే ఎరువు. పాచి పెరిగితే పగడానికి ఎండ అందదు, ఊపిరాడదు. పైగా ఫాస్ఫేటు ఎక్కువైతే అది తన సున్నపు ఇల్లు కూడా కట్టుకోలేదు." కెమిస్ట్రీ ల్యాబులో దానికి పరీక్ష ఉంది. నీళ్ళలో మాలిబ్డేటు మందు, ఇంకో మందు వేస్తే ఫాస్ఫేటు ఉన్న కొద్దీ నీలం రంగు తేలుతుంది. ఆ రోజు నా పరీక్షనాళికలో బట్టలకు పెట్టే నీలిమందంత రంగు తేలింది. సారు మొహం చూసి నాకు భయం వేసింది.

అంతకన్నా పెద్ద భయం మా ప్రిన్సిపాలు. ఆయనకు కాలేజీ కన్నా బంతితోట ఇష్టం. జువాలజీ ల్యాబు కిటికీ కింద స్వయంగా నారు పోసి పెంచేవారు. ఆయన తొట్టి ముందు నిలబడి ముక్కు మూసుకుని, "జిల్లా నుంచి పెద్దసారు తనిఖీకి వస్తుండు. అప్పటిలోపట ఈ పాచి పోవాలె. పోకుంటే తొట్టి పోతది. తొట్టి పోతే నీకిక్కడ పనేముంది?" అని తాపీగా అడిగారు. ఊళ్ళో మా నాయిన నాది సర్కారు నౌకరీ అని చెప్పుకుంటున్నాడు (టెంపరరీ అనే మాట ఆయనకు చెవికెక్కలేదు, నేనూ గట్టిగా చెప్పలేదు). మా తమ్ముడు నా జీతం మీదే హాస్టల్లో చదువుతున్నాడు. అంటే మా ఇంటి గౌరవం, తమ్ముడి చదువు, ఆ పిడికెడు పగడం ఒకే పాచి కింద ఇరుక్కున్నాయి.

ఇక ఫాస్ఫేటు వేట మొదలైంది. ముందు పిల్లల మీద అనుమానం. దొంగచాటుగా మరమరాలు వేస్తున్నారని తొట్టి చుట్టూ తాడు కట్టాను. చేపలకు మేత తగ్గించాను. అవి నన్ను చూసినప్పుడల్లా అద్దానికి మూతి ఆనించి నిలదీసేవి. ఆవిరైన నీటికి బదులు బావినీళ్ళు పోయడం మాని, డిస్టిల్డ్ వాటరు పోశాను. కొత్త సముద్రపు నీళ్ళు వచ్చినప్పుడల్లా పాత నీళ్ళు కొన్ని గొట్టంతో బయటికి లాగేవాణ్ణి. గొట్టం రెండో కొస ఎక్కడ పెట్టానని మీరడగరు, నేనూ అప్పుడు ఆలోచించలేదు. కిటికీ బయటికి వదిలాను. కొన్నాళ్ళకు ప్రిన్సిపాలు బంతిమొక్కలు ఒక వరస వరసే తల వాల్చాయి. ఆయన పురుగు అనుకుని మందు కొట్టించారు. ఉప్పునీళ్ళని ఆయనకు చెప్పేంత ధైర్యం నాకూ లేదు, సారుకూ లేదు.

నీళ్ళు మార్చడం ఒక్కటే సరిపోలేదు. సారు తెచ్చే క్యాన్లు ఎన్నని. ఒక ఆదివారం ఊళ్ళో మా నాయిన పొలం గట్టున కూర్చుని తన పాత గోడు మొదలుపెట్టాడు. "ఈ ఎర్ర చెల్కకు ఎంత సూపరేసినా మింగుతది. మొక్కకు పెట్టది, మల్ల మనకియ్యది. బాకిదారు అసొంటి భూమి." చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. ఆ రోజు మాత్రం ఉలిక్కిపడ్డాను. సోమవారం సంచీనిండా ఎర్ర మొరం మోసుకొచ్చి సారు ముందు పెట్టాను. ఆయన మొరం చేతిలోకి తీసుకుని చూసి, నన్ను చూసి, "ఇనుముండే మట్టి ఫాస్ఫేటును పట్టుకుంటే వదలదు. పుస్తకంలో చదివినవాణ్ణి, నాకు తట్టలేదయ్యా," అన్నారు. మొరాన్ని బురద పోయేదాకా కడిగి, పలచటి గుడ్డసంచిలో మూటకట్టి, గొట్టంలోంచి బుడగలతో పాటు పైకి వచ్చే నీళ్ళు దాని మీదుగా పారేటట్టు పెట్టాం. వారం నడిమికి నీలం లేతబడింది. శనివారానికి దాదాపు తెల్లనీళ్ళే. సారు నాకు హోటల్లో ఇడ్లీ తినిపించారు. నేనేదో కనిపెట్టిన మనిషిలాగా మానుకోట బజారులో నడిచాను.

సోమవారం మళ్ళీ నీలం. మళ్ళీ వారమంతా మొరం సంచి పనిచేసి శనివారానికి తగ్గించేది, సోమవారం వచ్చేసరికి పెరిగేది. సారు ఒక రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "ఆదివారాలు ఊళ్ళో ఏం చేస్తావు?" అని అడిగారు.

"పొలంల సూపర్ చల్లుత సార్."

"చేత్తోనా?"

"మరి దేంతోని చల్లుతరు సార్?"

ఆయన నా చేతులు పట్టుకుని తిరగేసి చూశారు. దొంగ దొరికాడు. అప్పటి నుంచి తొట్టి దగ్గరికి పోయే ముందు నిమ్మకాయతో ఒకసారి, సబ్బుతో ఒకసారి, డిస్టిల్డ్ వాటరుతో ఒకసారి చేతులు కడిగి, ఆపరేషను చేయబోయే డాక్టరు మాదిరి పైకెత్తి పట్టుకుని రావాలి. పిల్లలు నన్ను డాక్టరన్న అనడం మొదలుపెట్టారు. నీళ్ళవ్వ నన్ను చూసి, "ఏంది బిడ్డా, చేతులకేమన్న గాయమైందా?" అని పాపం పసుపు తెచ్చి ఇచ్చింది. అయినా సోమవారం నీలం మారలేదు. నేను ఊరికి పోవడమే మానేశాను. నాయిన ఎవరితోనో కబురు పంపాడు, "పెద్ద సార్లయినంక పొలం యాదికొస్తదా" అని. తనిఖీ దగ్గరపడుతోంది. పగడం చేతులు ముడుచుకునే ఉంది. నా మీద నాకే నమ్మకం పోయి, నేను ఎప్పుడన్నా నిద్రలో నడిచి వచ్చి తొట్టిలో సూపర్ చల్లుతున్నానేమో అనుకునేదాకా వచ్చాను.

ఊరికి పోకపోయినా నీలం తేలిన సోమవారం, సారు మొదటిసారి నా చేతులను వదిలి తలుపు వైపు చూశారు. "ఎవరో వస్తున్నారయ్యా," అన్నారు. మరుసటి సోమవారం పొద్దున్నే, కాలేజీ ఇంకా తెరవకముందే, నేను ల్యాబులో దాక్కున్నాను. దాక్కోవడానికి చోటు ఒక్కటే, మూలన ముసుగు కప్పి వేలాడదీసిన అస్థిపంజరం. దాని వెనకాల, దాని ముసుగులోనే నిలబడ్డాను. కాసేపటికి తలుపు తోసుకుని నీళ్ళవ్వ బిందెతో వచ్చింది. కుండ నింపి, బిందె దించి, అస్థిపంజరం వైపు చూసి, "బాగున్నవా కొడుకా?" అని పలకరించింది. రోజూ పలకరిస్తుందని నాకప్పుడే తెలిసింది. తర్వాత తొట్టి దగ్గరికి పోయి, కొంగు ముడి విప్పి, చిటికెడు బూడిద తీసి, కళ్ళకద్దుకుని నీళ్ళలో వదిలింది. చేతులు జోడించి పెదాలు కదిలించింది. సరిగ్గా అప్పుడు ముసుగులోని దుమ్ముకు నాకు తుమ్ము వచ్చింది.

అవ్వ అదరలేదు, బెదరలేదు. నెమ్మదిగా తిరిగి, "బొక్కలోనికి పడిశం పట్టిందా?" అంది (బొక్కలోడంటే ఎముకలవాడు). నేను ముసుగు తీసుకుని బయటికి వచ్చాను. నన్ను చూసి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా ఉద్యోగం, నా చేతులకు పడ్డ మచ్చ గుర్తొచ్చి గట్టిగానే అడిగాను.

"గదేంది అవ్వా? దేంట్ల కలుపుతున్నవ్?"

"మా ముసలాయన్ని బిడ్డా," అంది.

అప్పుడే సారు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అవ్వ ఆయనకూ నాకూ కలిపి చెప్పింది. ఆమె పెనిమిటి రైల్వే గూడ్స్ షెడ్డులో హమాలీ. ఊరికి దిగే ఉప్పు బస్తాలన్నీ ఆయన వీపు మీదుగానే దిగేవి. "సగం సముద్రం నా ఈపు మీదనే దిగింది, కడమ సగం ఒక్కపారి సూసొస్త అనేటోడు. పోలె. పోయేటి రైలు రోజు సూసిండు, ఎక్కలె. పోయినంక పెద్దకొడుకు అస్థికలు కాటారం దాటి కాళేశ్వరంల కలిపిండు. మంచిదే. గంగ పుణ్యమే. కని ఆయనడిగింది సముద్రం గద. నేను జరంత మూటగట్టి దాసిన. ఆడిదాన్ని, అంత దూరం యాడికి పోత? గంతల్నే ఈ సారు సముద్రాన్నే ఈడికి తెచ్చె. ఆయన పోయింది సోమారం. సోమారం సోమారం జర జర కలుపుతున్న. ఒక్కపారే పోస్తే చేపపిల్లలు పరేషాన్ అయితయని," అంది.

బూడిద అంటే కాలిన ఎముకలు. ఎముకంటే ఫాస్ఫేటు. ఇంటర్ పిల్లలకు నేనే రాయించే పాఠం. సారు కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు, ఎంతసేపటికీ ఆపలేదు. ఇంతలో అవ్వకు ఒక సందేహం వచ్చింది.

"మరి నువ్వు నీళ్ళు తీసి మారుస్తుంటివి గద. తీసిన నీళ్ళేడ పోసినవ్ బిడ్డా?"

కిటికీ బయటికి చూపించాను. అవ్వ వచ్చి, ఎండిపోయిన బంతి వరసలను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూసింది. తర్వాత, "బంతిపువ్వంటే ఆయనకు పానం," అంది. "ఉప్పు మోసిన మనిషి గద. ఆయన ఏడికి పోయినా ఉప్పే అయితది." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

సారు అప్పుడు చేసిన పనికి నేను ఈ జన్మంతా ఆయనకు రుణపడి ఉన్నాను. ఆమెను ఒక్క మాట అనలేదు. తొట్టి మీదున్న మొరం సంచిని చూపించి, "అమ్మా, మీ ఆయన ఎక్కువ భాగం తోటలోకి పోలేదు. ఇదిగో, ఈ ఎర్రమట్టి ఆయన్ని పట్టుకుని దాచింది. ఈ కుర్రాడు తెచ్చిన మట్టే. ఇంక ఇక్కడ కలపకండి, మిగతా మూట భద్రంగా ఉంచండి. తనిఖీ అయ్యాక నేను నీళ్ళ కోసం ఊరెళ్తాను. మీరూ వచ్చేద్దురుగాని. ఆయన్ని మనమే తీసుకెళ్దాం," అన్నారు. అవ్వ మొరం సంచికి దండం పెట్టింది. నేనూ పెట్టాను. ఆ రోజు నుంచి ఆ సంచి దగ్గర చెప్పులు వేసుకుని నిలబడలేకపోయాను.

తర్వాతి సోమవారం పరీక్షనాళికలో నీలం తేలలేదు. పాచి తెల్లబడి రాలిపోయింది. తనిఖీ పెద్దసారు వచ్చిన ఉదయం పగడం ఒంటినిండా చేతులు చాపి ఆడుతోంది. ఆయన అన్ని గదులూ తొందరగా చూసి, తొట్టి ముందు మాత్రం ఆగి, "ఇది మానుకోటల ఎట్ల బతుకుతుంది?" అని అడిగారు. ప్రిన్సిపాలు ఛాతీ విరిచి, "మా అబ్బాయి చేతుల మహిమ సార్," అన్నారు. ఆ చేతుల గురించి అంతకుముందు ఏమేం మాటలు నడిచాయో నేను గుర్తుచేయలేదు. నా ఉద్యోగం నిలిచింది, తమ్ముడి హాస్టలు నిలిచింది. ఆ వారమే ప్రిన్సిపాలుకు కొత్త బంతినారు తెచ్చి నాటాను, ఎందుకో ఆయన అడగలేదు.

సారు ఊరివైపు, బాపట్ల దాకా ప్యాసింజరు రైల్లో ముగ్గురం పోయాం. ఖాళీ క్యాన్లు పైన, మొరం సంచి, బూడిద మూట అవ్వ ఒడిలో. దారిపొడుగునా ప్రతి స్టేషన్లో గూడ్స్ షెడ్డు కనబడితే ఆమె ఆ సంచిని కిటికీ వైపు జరిపి చూపించింది. ఇసుక దాటి నీళ్ళు కనబడగానే అవ్వ ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను, నాకూ అదే మొదటిసారి. ఇన్నాళ్ళు నేను పాచి గీకిన సముద్రం ఇది కాదనిపించింది. అవ్వ మోకాటి లోతు దాకా పోయి, నీళ్ళు నోట్లో పోసుకుని, "అదే ఉప్పు," అంది. సారు చూపించిన చోట సంచి, మూట విప్పి వదిలింది. ఎర్రమట్టి కాసేపు కనబడింది, తర్వాత ఒక అల వచ్చి తీసుకుపోయింది. "పో. కడమ సగం సూడు," అంది.

చాలాసేపు ఒడ్డున కూర్చున్నాం. సారు క్యాన్లు నింపుతున్నారు. అవ్వ ఉన్నట్టుండి, "సారూ, ఎందరెందర్నో దీంట్ల కలుపుతుంటరు గద. దీనికి పాచి పట్టదా?" అని అడిగింది.

సారు నా వైపు చూసి, "కెమిస్ట్రీ నీది, నువ్వు చెప్పవయ్యా," అన్నారు.

"పెద్దది గదా అవ్వా. ఎందరు కలిసినా కనవడది," అన్నాను.

అవ్వ కాసేపు ఆలోచించి సారు మీద కోపానికి వచ్చింది. "గట్లయితే నీ అద్దాల డబ్బ జర పెద్దగ చేపిస్తె అయిపోవు గద సారూ. ఉత్తపుణ్యానికి పోరగాని చేతులను బద్నాం చేస్తివి," అంది. సారు నీళ్ళలో చతికిలబడి నవ్వారు. నేను ఆయన్ని అలా నవ్వగా చూడడం అదే మొదలు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఆ తొట్టి కూడా సారు బదిలీతో పోయింది. నేను తర్వాత చదివి, కెమిస్ట్రీ లెక్చరరునై, రిటైరయ్యాను. నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, చదువును మనిషి మీద విసరకూడదని చూపించింది ఆయన, చిటికెడు చిటికెడుగా ప్రేమించడం చూపించింది ఆమె. ఇప్పటికీ సోమవారం పొద్దున నేను చేతులు రెండుసార్లు కడుక్కుంటాను. ఇంట్లో ఎందుకని అడిగితే, సముద్రం సారు చూస్తారని చెబుతాను.